ఏనుగు రాని లెక్కలు

మా పాప మూడో తరగతి చదివేటప్పుడు దాని లెక్కలు నేను దొంగతనంగా చేశాను. ఒకరోజు రెండ్రోజులు కాదు, మూడు వారాలు. పక్కవాడి పేపరు చూసి రాసే పిల్లలకైతే చిన్నతనం అని సర్దిచెప్పుకోవచ్చు. నాకప్పటికి ముప్పై ఎనిమిదేళ్ళు. మీసంలో తెల్లవెంట్రుకలు కూడా వచ్చాయి.

నేను మాచర్ల పక్కన నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో కొలతలు చూస్తాను. క్వారీ నుంచి వచ్చిన రాయిని కోసి, నునుపు చేసి, లారీకెక్కించే ముందు ఒక్కో బండకీ టేపు పట్టాలి. పొడవెంత, వెడల్పెంత, మొత్తం ఎన్ని అడుగులు. రాసుకునేవాళ్ళు కాలిక్యులేటర్ చేతిలోకి తీసుకునేలోపల నేను నోటితో చెప్పేస్తాను. అంచు విరిగినా, కొలతలో తేడా వచ్చినా ఆ బండ మీద ఎర్రసుద్దతో అడ్డగీత కొట్టి పక్కన పెట్టించేదీ నేనే. ఎర్రగీత పడిన బండ లారీ ఎక్కదు. పదిహేనేళ్ళుగా నా కంటికి ఎరుపు కనపడితే అది పనికిరానిదని అర్థం.

ఇంత లెక్క వచ్చినవాణ్ణి పదో తరగతిలో లెక్కల్లోనే తప్పాను. అదీ రెండుసార్లు. జవాబు నోటికి వచ్చేసేది, అదెట్లా వచ్చిందో కాగితం మీద రాయమంటే చేతనయ్యేది కాదు. మా వీధి చివర ట్రాక్టర్ ఆయన నాతోపాటే చదివాడు, పాసయ్యాడు, పాసై చివరికి వాళ్ళ నాన్న పొలమే దున్నుకుంటున్నాడు. అయినా ఆ పాసైన సంగతి మాత్రం మర్చిపోడు. "ఏమయ్యా కొలతలాయనా, నీకు లెక్కలెట్టా తప్పినయ్యా" అంటాడు, టీ కొట్టు దగ్గర, అందరూ ఉన్నప్పుడే. నేనూ అందరితోపాటు నవ్వుతాను. ఇంటికొచ్చాక ఆ కోపం ఎవరో ఒకరి మీద పోతుంది.

పాప చదివేది మా ఊరి గవర్నమెంటు స్కూల్లో. దాని టీచర్ గురజాల నుంచి బస్సులో వచ్చేది. ఆ ఏడు ఆమె తల్లిదండ్రులందరి ఫోన్లకీ ఒక లింకు పంపింది. పిల్లలు ఆడుకుంటూ లెక్కలు నేర్చుకునే సైటు అది. రూపాయి కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడుతుంది. జవాబు సరిగ్గా కొడితే ఆకుపచ్చ చుక్క పడుతుంది, తప్పు కొడితే ఎర్ర చుక్క. వరసగా ఆకుపచ్చవి పడుతుంటే లెక్కలు కొంచెం కొంచెం కష్టమవుతాయి. శనివారం శనివారం ఎవరికెన్ని ఆకుపచ్చ చుక్కలో టీచర్ గ్రూపులో పెడుతుంది. "పిల్లల పక్కన కూర్చోండి, జవాబు మాత్రం చెప్పొద్దు" అని ఆమె మొదటిరోజే రాసింది. ఆ మాట నేను చదివాను. చదవలేదని తప్పించుకోవటానికి లేదు.

మా ఇంట్లో ఆ సైటు వచ్చే ఫోన్ ఒక్కటే, అది నాది. సాయంత్రం నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చి బండి స్టాండ్ వేసేలోపల పాప వచ్చి జేబులో చెయ్యి పెట్టేది. గడప మీద కూర్చుని మొదలుపెట్టేది. నేను ఒళ్ళంతా రాతిబూడిదతో అరుగు మీద కూర్చుని చూసేవాణ్ణి.

ఆ సైటులో ఒక ఏనుగుపిల్ల ఉండేది. తప్పు కొడితే అది పక్క నుంచి నడుచుకుంటూ వచ్చి, బుట్ట కింద పెట్టి, తొండంతో ఒక్కో మామిడిపండూ తీసి వరసలుగా పేర్చేది. ఆరు నాలుగులు ఎంత అనే దానికి తప్పు చెబితే, వరసకి నాలుగు చొప్పున ఆరు వరసలు పేర్చి, ఇప్పుడు లెక్కపెట్టు అన్నట్టు చెవులు ఊపేది. పాపకి ఆ ఏనుగంటే ప్రాణం. అది పండ్లు పేరుస్తుంటే, అది పూర్తిచేసేలోపల జవాబు చెప్పెయ్యాలని దీని పందెం. "ఇరవై నాలుగు! నేనే ముందు!" అని గడప మీద ఎగిరేది. ఏనుగు ఇంకా నాలుగో వరసలోనే ఉండేది.

నాకు కనపడింది ఏనుగు కాదు, ఎర్ర చుక్క.

"ఇరవై నాలుగని తెలిసినప్పుడు ముందే ఎందుకు కొట్టలేదే?" అన్నాను ఒకరోజు.

"కరెక్టు కొడితే చుక్క పడి పోయిద్ది నాన్నా. తప్పు కొడితేనే ఏనుగు వచ్చిద్ది."

"ఏనుగు కోసం తప్పు కొడతావా? బుద్ధుందా?"

అది నా మాట పట్టించుకోలేదు. పండ్ల వంక చూస్తూ మెడ పక్కకి వంచింది, చెవి భుజానికి ఆనేదాకా. "చూడు నాన్నా, ఇట్టా చూస్తే ఆరు నాలుగులు. మెడ వంచి చూస్తే నాలుగు ఆర్లు. పండ్లు మాత్రం అయ్యే!" అంది. నన్ను కూడా మెడ వంచమంది. నాకు ఆకలవుతోంది, స్నానం చెయ్యాలి. "సరే సరే, ఇంకోటి చెయ్యి, ఈసారన్నా తిన్నగా కొట్టు" అన్నాను. రోజూ పొడవునీ వెడల్పునీ హెచ్చవేసి బతికేవాణ్ణి. పొడవుని వెడల్పనుకున్నా, వెడల్పుని పొడవనుకున్నా బండ మారదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? అదే సంగతిని ఎనిమిదేళ్ళ పిల్ల, ఎవరూ చెప్పకుండా, తనంతట తను కనిపెట్టి నాకు చూపిస్తే నేను స్నానానికి లేచి వెళ్ళాను. ఇప్పుడు తల్చుకుంటే అన్నిటికంటే ఎక్కువ సిగ్గుపడేది దీనికే.

మొదటి శనివారం లిస్టు వచ్చింది. పాప పేరు కింద నుంచి మూడోది. ట్రాక్టర్ ఆయన కూతురు పై నుంచి రెండోది. ఆదివారం టీ కొట్టు దగ్గర ఆయన ఫోన్ తీసి అందరికీ చూపించాడు. "పిల్లకి అచ్చం తండ్రి పోలికే" అన్నాడు. నలుగురూ నవ్వారు, నేను నవ్వలేకపోయాను.

సోమవారం మధ్యాహ్నం ఫ్యాక్టరీలో మిషన్లు ఆపారు. అన్నం తిని, కోసిన బండల నీడన కూర్చుని ఫోన్ తీశాను. ముందు అనుకున్నది ఎర్ర చుక్కలు చెరిపెయ్యటం వరకే. పాతది మళ్ళీ సరిగ్గా చేస్తే ఎరుపు పోయి ఆకుపచ్చ అవుతుంది. పది నిమిషాల్లో పాప వారమంతా పెట్టిన ఎర్ర చుక్కలన్నీ మాయం చేశాను. అక్కడితో ఆగొచ్చు. ఆగలేదు. టకటకా కొడుతుంటే చుక్కలు పడుతున్నాయి, చుక్క పడినప్పుడల్లా గంట మోగుతోంది. స్టెప్పులు రాయమని ఎవరూ అడగటం లేదు. నా బతుకులో మొదటిసారి లెక్కల పరీక్ష నాకు నచ్చింది. నిజం చెప్పాలంటే, ఆ మధ్యాహ్నం నుంచి నేను ఆడింది పాప కోసం కానే కాదు.

రెండో శనివారం పాప పేరు మొదటిది. గ్రూపులో చప్పట్లు, దండాలు, పూలగుత్తులు. "మన ఊరి ఆణిముత్యం" అని ఒకరు పెట్టారు. ట్రాక్టర్ ఆయన ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. ఆ బొటనవేలుని నేను ఎన్నిసార్లు చూసుకున్నానో చెబితే నవ్వుతారు.

ఆ వారమంతా పని ఎక్కువై నేను ఇంటికొచ్చేసరికి పాప నిద్రపోయేది. ఆ సాయంత్రం ఫోన్ తీసుకుని గడప మీద కూర్చుంది. కాసేపటికి, "నాన్నా, ఏనుగు ఎటు పోయింది?" అంది.

వెళ్ళి చూశాను. తెర మీద ముప్పావులోంచి మూడో వంతు తీస్తే ఎంత అని ఉంది. పక్కన సెకన్లు తగ్గుతూ ఒక గడియారం. నేను కొట్టిన ఆకుపచ్చలు దాన్ని రెండు తరగతులు పైకి మోసుకుపోయి అక్కడ వదిలేశాయి. ఆ తరగతిలో ఏనుగూ లేదు, పండ్లూ లేవు. పాప ఏనుగు వస్తుందేమోనని ఏదో ఒక అంకె నొక్కింది. బర్రుమని శబ్దం వచ్చింది, ఎర్ర చుక్క పడింది, ఇంకో లెక్క వచ్చింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ బర్రుమంది.

"నువ్వు పై క్లాసుకి పోయావమ్మా. ఏనుగు చిన్నపిల్లలకి" అన్నాను.

"నేను చిన్నపిల్లనేగా."

పాప ఫోన్ ఒళ్ళో పెట్టుకుని అడిగింది: "నువ్వు ఆడావా నాన్నా?"

"ఊరికే కొంచెం సాయం చేశాలే. టీచర్‌కి చెప్పబాకు" అన్నాను.

అది తలూపింది. నేను ఏం చెప్పినా తలూపే వయసు. నా పిల్లకి అబద్ధమాడమని నేను నేర్పిన మొదటి పాఠం అది, అదీ గడప మీద కూర్చోబెట్టి.

తర్వాత వారం నుంచి అది నా జేబులో చెయ్యి పెట్టటం మానేసింది. బండి చప్పుడు విని బయటికొచ్చేది, మంచినీళ్ళు ఇచ్చేది, లోపలికి పోయేది. మా ఆవిడే ముందు కనిపెట్టింది. "ఏందయ్యా, పిల్ల ఫోన్ ముట్టుకోవటం లేదు, లిస్టులో మాత్రం చుక్కలు పెరుగుతున్నయ్యి?" అంది. స్కూల్లో చేస్తోందేమోలే అన్నాను. ఆవిడ నా వంక అదోరకంగా చూసి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. స్కూలు నోటుబుక్కులో మామూలు గుణకారాలు కూడా పాప తప్పులు చేస్తోందనీ, అడిగితే "నాకు లెక్కలు రావమ్మా" అంటోందనీ రెండ్రోజుల తర్వాత ఆవిడే చెప్పింది. ఏనుగు కంటే ముందు జవాబు చెప్పి ఎగిరిన పిల్ల ఆ మాట అంటోంది. విన్నాను. విని కూడా, మూడో వారం మధ్యాహ్నాలు బండల నీడన ఫోన్ తీస్తూనే ఉన్నాను.

ఆ శనివారం స్కూల్లో తల్లిదండ్రుల మీటింగ్. నాపరాళ్ళు పరిచిన పెద్ద గదిలో అందరం బెంచీల మీద కూర్చున్నాం. గోడకి ముట్టుకుంటే పనిచేసే పెద్ద టీవీ ఉంది. టీచర్ ఆ సైటు గురించి చెప్పి, "మన స్కూల్లో అందరికంటే ముందున్న అమ్మాయి ఇప్పుడు మీకు చేసి చూపిస్తుంది" అని పాపని పిలిచింది. టీవీలో పాప పేరుతోనే తెరిచింది. అప్పుడే లేచి ఆపాల్సింది. ఆపలేదు.

పాపకి అందటం లేదని కుర్చీ వేశారు. కుర్చీ ఎక్కి నిలబడింది. కొత్త గౌను, రెండు జడలు. తెర మీద దశాంశాల లెక్క వచ్చింది. అది చూస్తూ నిలబడింది, వేలెత్తి ఒకటి నొక్కింది. ఆ పెద్ద టీవీలో బర్రుమనే శబ్దం గదంతా వినపడింది. ఇంకో లెక్క. ఈసారి చేతివేళ్ళు గౌను మడతలో పెట్టి లెక్కపెట్టుకుంది, నొక్కింది. మళ్ళీ బర్రుమంది. వెనక బెంచీలో ఎవరో దగ్గారు.

టీచర్ దగ్గరికి వెళ్ళి, దాని భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అడిగింది. "భయపడొద్దమ్మా. ఇంట్లో ఎవరన్నా చేసిపెడుతున్నారా?"

పాప కుర్చీ మీద నుంచి నన్ను చూసింది. మూడో బెంచీలో ఉన్నాను, కనపడకుండా పోయేంత దూరమేం కాదు. లేచి "నేనే చేశానండీ" అంటే చాలు. నేను తల దించుకుని కాళ్ళ కింద బండ వంక చూశాను. అంచు కొంచెం విరిగిన బండ. నేనైతే ఎర్రగీత కొట్టేవాణ్ణి.

"లేదు టీచర్. అన్నీ నేనే చేశా" అంది పాప. "ఇప్పుడు మర్చిపోయా."

కుర్చీ దిగి వచ్చి వాళ్ళమ్మ పక్కన కూర్చుంది. ఎవరూ నవ్వలేదు. ట్రాక్టర్ ఆయన కూడా నవ్వలేదు, కిటికీ బయటికి చూస్తున్నాడు. ఆయన నవ్వి ఉంటే నాకు బాగుండేది, కోప్పడటానికి ఒక మనిషి దొరికేవాడు.

తిరిగి వచ్చేటప్పుడు బండి మీద పాప మా ఇద్దరి మధ్యలో కూర్చుంది. కొంత దూరం వచ్చాక ముందుకి వంగి నా చెవిలో చెప్పింది.

"నేను చెప్పలేదు నాన్నా."

శభాష్ అంటానని చూస్తోంది. బండి పక్కకి ఆపి, చెయిన్ ఊడిందని చెప్పి, కాసేపు కిందికి వంగి కూర్చున్నాను. మా ఆవిడకి అప్పటికి అంతా అర్థమైంది. ఆ రోజు అన్నం పెట్టి అవతలకి వెళ్ళిపోయింది.

సోమవారం పనికి పోకుండా స్కూలు గేటు దగ్గర నిలబడ్డాను. టీచర్ బస్సు దిగి వస్తుంటే ఎదురెళ్ళి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు.

"మేం చూసేది ఆకుపచ్చ చుక్కలు కాదండీ" అంది. "పిల్ల ఎక్కడ తప్పు చేస్తోందో చూసి, మర్నాడు క్లాసులో అక్కడ నుంచి చెబుతాను. నాకు ఆ ఎర్ర చుక్కలే కావాలి. మీ పాప మొదటి వారం కష్టమైనవి కరెక్టు చేసి తేలికైనవి తప్పు చేసింది. అదేందో అర్థం కాలేదు. పిలిచి అడుగుదామనుకునేలోపల అన్నీ ఆకుపచ్చ అయిపోయినయ్యి."

ఏనుగు సంగతి చెప్పాను, మెడ వంచి చూడటం కూడా చెప్పాను. ఆమె నడిచేది ఆగిపోయింది. "ఎవరు నేర్పారు?" అంది. ఎవరూ నేర్పలేదన్నాను. "ఇది నాకు చెప్పాల్సిన సంగతండీ" అంది, అంతే. ఆ మాట అన్న తీరుకి, నన్ను చెడామడా తిట్టినా బాగుండుననిపించింది. పాప లెక్కలన్నీ తీసేసి, మళ్ళీ మొదటి నుంచి పెడతానని చెప్పి లోపలికి వెళ్ళింది.

గ్రూపులో కూడా నిజం రాయాలనుకున్నాను. రాశాను, చెరిపాను, మళ్ళీ రాశాను. చివరికి పెట్టలేదు. ఆ శనివారం లిస్టులో పాప పేరు అట్టడుగున ఉంది. "ఏందిది, పిల్ల ఇట్టా అయిపోయింది" అని టీ కొట్టు దగ్గర అడిగితే, ఒంట్లో బాగోలేదని చెప్పాను. మీటింగ్‌లో నా కోసం పిల్ల ఒక అబద్ధమాడింది, దాని మీద నేను ఇంకోటి ఆడాను. ఇవాళ్టికీ ఆ గ్రూపులో నిజం లేదు, ఇప్పుడు రాసిన ఈ కాగితాల్లోనే ఉంది.

సైటు కొత్తగా తెరిచిన రోజు సాయంత్రం నేనే పాపని పిలిచాను. గడప మీద పక్కనే కూర్చున్నాను. స్నానం తర్వాత చెయ్యొచ్చు అనుకున్నాను. మొదటి లెక్క, మూడు రెండ్లు ఎంత. ఎప్పుడో వచ్చిన లెక్క. పాప వెంటనే కొట్టలేదు. గౌను మడతలో వేళ్ళు పెట్టి లెక్కపెట్టుకుంది, పెదాలు కదిలిస్తూ ఇంకోసారి చూసుకుంది, అప్పుడు ఆరు నొక్కింది. ఆకుపచ్చ చుక్క. ఆ తర్వాతది కూడా అంతే. పది లెక్కలు, పది ఆకుపచ్చలు. ఒక్కసారి కూడా ఎగరలేదు, మెడ వంచలేదు.

"ఒకటి తప్పు కొట్టమ్మా" అన్నాను.

"వద్దు నాన్నా."

"ఏనుగు వచ్చిద్దిగా?"

"ఎర్ర చుక్క పడిద్ది" అంది. "మళ్ళా అదంతా నువ్వు చెయ్యాల్సొచ్చిద్ది."

కోపంగా కాదు, ఎత్తిపొడుపుగా కాదు. రోజంతా బండలు కొలిచి వచ్చే నాన్నకి పని తగ్గిద్దామని అంది. చెయ్యి చాపి, ఆరు నాలుగులు ఎంత అనేదానికి నేనే ఇరవై మూడు నొక్కాను. ఎర్ర చుక్క పడింది. పక్క నుంచి ఏనుగు నడుచుకుంటూ వచ్చి, బుట్ట దించి, ఒక్కో పండూ తీసి పేర్చటం మొదలుపెట్టింది. నేను మెడ పక్కకి వంచాను, చెవి భుజానికి ఆనేదాకా వంచాను. నాలుగు ఆర్లు కనపడ్డాయి.

"చూడమ్మా, వచ్చింది" అన్నాను.

ఏనుగు చివరి వరస కూడా పేర్చేసి చెవులు ఊపుతోంది. పాప దాన్ని చూడటం లేదు. నాకు కోపం వచ్చిందేమోనని నా మొహం వంకే చూస్తోంది.